మెత్తగా ఉంటే మంచి చెప్పులైనట్టేనా?

"ఐదు వేలు పోసి కొన్నా వేసుకునేది కాలికే కదా, నెత్తిన పెట్టుకుని ఊరేగుతామా" అన్నాడు మా బావ మొన్న ఒక పెళ్లిలో, ఆన్‌లైన్‌లో 449 రూపాయలకు తెప్పించుకున్న తెల్ల షూ అందరికీ చూపిస్తూ. చూడ్డానికి బాగానే ఉన్నాయి. దూరం నుంచి చూస్తే పెద్ద కంపెనీ షూకీ వాటికీ తేడా పట్టడం కష్టం. అందరం నవ్వుకున్నాం. అదే వరసలో రెండు కుర్చీల అవతల మా పిన్ని చెప్పులు విడిచి కుడి మడమ పిసుక్కుంటూ కూర్చుంది. ఆవిడ విజయవాడలో ఒక పెద్ద బట్టల షోరూంలో చీరల కౌంటర్లో పనిచేస్తుంది. పొద్దున షట్టర్ ఎత్తినప్పటి నుంచి రాత్రి దించేదాకా నిలబడే ఉండాలి. యూనిఫాంలో భాగంగా నల్ల బెల్లీలు, అంటే తాడూ బకిలూ లేని పలచటి సోల్ బూట్లు, వేసుకోవాలి, వాటిని ఎవరి డబ్బుతో వాళ్లే కొనుక్కోవాలి. జీతం చూసుకుని ఆవిడ కొనేవి మూడొందల లోపువి. ఏడాదిగా మడమ నొప్పి.

ముందే చెప్పేస్తున్నా, చవక చెప్పులన్నీ చెడ్డవని నేననను. హవాయి చెప్పులతోనే ఈ దేశంలో సగం మంది బతుకు వెళ్లిపోతోంది, అవి తామేదో గొప్ప అని చెప్పుకోవు కూడా. నా పేచీ వేరే రకంతో. పైకి బూటులా కనిపిస్తూ, లోపల బూటుకు ఉండాల్సినవేవీ లేకుండా, మెత్తదనం ఒక్కటే చూపించి అమ్ముడుపోయే రకం. వాటికి మనం ఎందుకు పడిపోతున్నామంటే, చెప్పు మంచిదో కాదో తేల్చుకోవడానికి మన దగ్గరున్న పరీక్ష తప్పుది కాబట్టి.

బొటనవేలి పరీక్ష

ఏ చెప్పుల షాపుకైనా వెళ్లండి. సేల్స్ కుర్రాడు డబ్బా తెరిచి, షూ లోపల బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి "చూడండి సార్, మెమరీ ఫోమ్, దూదే" అంటాడు. మనమూ నొక్కుతాం. వేలు దిగబడుతుంది. బేరం సగం అక్కడే అయిపోతుంది. మిగతా సగం, వేసుకుని షాపులో పరిచిన కార్పెట్ మీద నాలుగడుగులు వేస్తే అయిపోతుంది.

బొటనవేలితో నొక్కితే ఎంత బరువు పడుతుంది? మహా అయితే కొన్ని కిలోలు. మామూలుగా నడుస్తున్నప్పుడు ఒక్కో అడుగుకీ పాదం మీద మన బరువు కంటే కాస్త ఎక్కువే పడుతుంది, పరిగెత్తితే రెండు మూడు రెట్లు. వేలికి దూదిలా అనిపించిన ఆ పలచటి పొర అరవై డెబ్భై కిలోల మనిషి ఎక్కగానే పూర్తిగా అణిగిపోతుంది. ఆ తర్వాత మడమకి తగిలేది కింద ఉన్న సోలే. ఆ సోల్ గట్టి పీవీసీ అయితే నేల దెబ్బ నేరుగా ఎముకకి కొడుతుంది. తేలిక రకం ఈవీఏ అయితే మొదట్లో హాయిగానే ఉంటుంది, అసలు గొడవ తర్వాత మొదలవుతుంది.

ఈవీఏ అంటే నురుగు. లోపలంతా చిన్న చిన్న గాలి గదులు. సరుకు ఎక్కువ వేసి గట్టిగా తయారు చేస్తే అణిగి మళ్లీ లేస్తుంది. సరుకు తగ్గించి గాలి పెంచితే చవక అవుతుంది, తేలికవుతుంది, చేత్తో ఎత్తి చూసినప్పుడు "అబ్బ, ఎంత లైట్‌గా ఉందో" అనిపిస్తుంది కూడా. కానీ రోజంతా నిలబడే మనిషి కింద ఆ గదుల గోడలు కుప్పకూలి, ఒకసారి అణిగాక ఇక లేవవు. అదీ సమంగా అణగదు. మనం ఎక్కువ బరువు వేసే వైపు, సాధారణంగా మడమ బయటి అంచునో లోపలి అంచునో, ఎక్కువ దిగిపోతుంది. పైన చూస్తే షూ కొత్తగానే ఉంటుంది. బల్ల మీద పెట్టి వెనక నుంచి కంటికి సమానంగా చూడండి, ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. దాంట్లో నిలబడ్డ మనిషి చీలమండ కూడా అలాగే ఒరుగుతుంది.

విప్పి చూస్తే

పిన్నిని చూసిన ఎముకల డాక్టర్ ముందు కాలు చూడలేదు. "ఏవమ్మా, రోజూ వేసుకునే చెప్పులు ఇవేనా?" అని అడిగి, ఒక బెల్లీ తెమ్మని చేతుల్లోకి తీసుకున్నాడు. ముందు కొసని, మడమని పట్టుకుని చపాతీలా మధ్యకి మడిచేశాడు. తర్వాత మెలి తిప్పాడు, అది తిరిగింది. మడమ వెనక భాగాన్ని రెండు వేళ్లతో నొక్కాడు, అది లోపలికి పడిపోయింది. "నీ కాలి పని దీంతో చేయించాల్సింది పోయి, దీని పని కూడా నీ కాలే చేస్తోందమ్మా" అన్నాడు.

ఆ మాట నాకు బాగా నచ్చింది గానీ, దాని అర్థం పూర్తిగా తలకెక్కింది మా వీధి చివర చెప్పులు కుట్టే బాబాయి దగ్గరే. పాత బెల్లీలు పారేసే ముందు ఒకదాన్ని విప్పి చూపించమని అడిగాను. ఆయన నన్ను వింతగా చూసి, కత్తితో అంచు వెంట ఒక్క గీటు గీసి, పైభాగం సోల్ నుంచి లాగేశాడు. పెద్దగా కష్టపడకుండానే వచ్చేసింది. "ఇందులో కుట్టు ఎక్కడుంది బాబూ, అంతా అంటింపేగా" అన్నాడు. పైన నల్ల రెక్సిన్. దాని కింద మెత్తటి స్పాంజి, పాదం ఆకారంలో అక్కడక్కడా నల్లబడి కాగితంలా పలచనైంది. దాని కింద అట్ట. నిజంగానే అట్ట, చెమటకీ వర్షానికీ నాని పొరలు పొరలుగా విడిపోయింది. మడమ వెనక పాదాన్ని పట్టి నిలపడానికి దొప్పలాంటి గట్టి ముక్క ఉండాలి, దాని బదులు ఇంకో అట్టముక్క, అదీ మెత్తబడిపోయింది. అరికాలి వంపు కింద ఏమీ లేదు.

ఆ వంపు కింద ఉండాల్సినది షాంక్. బయటికి కనిపించదు. ఉక్కుతోనో గట్టి ప్లాస్టిక్‌తోనో చేసిన సన్నటి పట్టీ. అది ఉన్న బూటు వేళ్ల మొదళ్ల దగ్గర వంగుతుంది, మన పాదం కూడా వంగేది అక్కడే. అది లేని బూటు నడిమధ్యకి వంగుతుంది, మన పాదం వంగకూడని చోట. స్పోర్ట్స్ షూలో షాంక్ లేకపోయినా మందపాటి మంచి నురుగు సోల్ ఆ పని కొంత చేస్తుంది. పలచటి సోల్ బెల్లీలో ఆ పని చేసేదేదీ లేదు.

తయారీదారు వైపు నుంచి ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. పైన రంగు తగ్గిస్తే కొనేవాడికి కనిపిస్తుంది. డిజైన్ తగ్గిస్తే కనిపిస్తుంది. షాంక్ తీసేస్తే కనిపించదు. దొప్ప బదులు అట్ట పెడితే కనిపించదు. జత మీద పది రూపాయలు మిగుల్చుకోవాలంటే కనిపించని చోటే మిగుల్చుకుంటాడు. అవన్నీ తీసేశాక షూ ఎలా అవుతుంది? మెత్తగా అవుతుంది. ఏ లోపమైతే ఉందో దాన్నే మనకి సుఖమని చెప్పి అమ్ముతున్నారు. మంచి బూటు అన్నిచోట్లా మెత్తగా ఉండదు, మడమ చుట్టూ, మధ్య భాగంలో గట్టిగా ఉండి, పాదం ఆనే చోట, వేళ్ల దగ్గర వంగే చోట మాత్రమే మెత్తగా ఉంటుంది. నా వాదన మొత్తం ఇంతే నిజానికి, మిగతాదంతా దీని మీద నాకే వచ్చిన అనుమానాలు.

నొప్పి సంగతి

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టు నొప్పి, పది అడుగులు వేస్తే కాస్త సర్దుకోవడం, మళ్లీ సాయంత్రానికి లాగడం. దీన్ని డాక్టర్లు ప్లాంటార్ ఫేసియైటిస్ అంటారు. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పొర సాగి ఉంటుంది, పాదం వంపుని పట్టి ఉంచేది అదే. దానికి రోజంతా తెరిపి లేకుండా లాగుడు పడితే మడమ దగ్గర దాని మొదలు దెబ్బతింటుంది. రాత్రంతా కాలు కదలక అది బిగుసుకుంటుంది కాబట్టి పొద్దుటి మొదటి అడుగు అంత నరకం.

ఎక్స్‌రే తీస్తే చాలామందికి మడమ కింద చిన్న ముల్లులా ఎముక పెరిగి కనిపిస్తుంది. మనవాళ్లు దాన్నే పట్టుకుంటారు, "మడమలో ఎముక పెరిగిందట, కోయాలట" అని బంధువులందరికీ ఫోన్లు. ఆ ముల్లు ఉండి నొప్పి లేనివాళ్లు బోలెడు మంది, ముల్లు లేకుండా నొప్పి ఉన్నవాళ్లూ బోలెడు మంది. పిక్కలు సాగదీసే వ్యాయామాలు, కాస్త విశ్రాంతి, సరైన చెప్పులు, వీటితోనే చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. ఆపరేషన్ దాకా వెళ్లేవాళ్లు బహు తక్కువ. పిన్ని విషయంలో ఇబ్బందల్లా ఆ రెండో మాట దగ్గరే వచ్చింది. విశ్రాంతి అంటే జీతం కోత.

అంతా చెప్పుల మీదికే నెట్టేయొచ్చా?

నెట్టలేం. పిన్నికి యాభై దగ్గరపడుతోంది, బరువు కాస్త ఎక్కువే, పిక్కలు బిగుసుకుపోయి ఉన్నాయని డాక్టరే చెప్పాడు. నలభై దాటాక ఈ నొప్పి వచ్చే అవకాశం ఎక్కువ. గట్టి నేల మీద గంటల కొద్దీ నిలబడడం అసలు కారణాల్లో ఒకటి. అదే కౌంటర్లో అవే బెల్లీలు వేసుకునే ఇరవై ఏళ్ల అమ్మాయిలకి ఏ నొప్పీ లేదు. కాబట్టి చెప్పు ఒక్కటే ఈ నొప్పి తెచ్చిందని ప్రమాణం చేసి చెప్పలేను. మిగతా కారణాలన్నీ ముందే సిద్ధంగా ఉన్న కాలికి, ఆసరా ఇవ్వాల్సిన ఒక్క వస్తువూ ఇవ్వలేదు, అంతవరకే చెప్పగలను.

ఇంకో అనుమానం ఇంటి గురించి. షోరూంలో పదకొండు గంటలు నిలబడి వచ్చిన మనిషి ఇంట్లో మళ్లీ రెండు గంటలు వంటింట్లో నిలబడుతుంది, ఒట్టికాళ్లతో, గ్రానైట్ మీద. పాత ఇళ్లలో పేడ అలికిన నేలో నాపరాళ్లో ఉండేవి, ఇప్పుడు ప్రతి ఇంట్లో గ్రానైట్, మార్బుల్, టైల్స్. డాక్టర్ ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోమన్నాడు. పిన్ని వాళ్ల అత్తగారు ఒప్పుకుంటేనా! "వంటింట్లో చెప్పులేంటే, ఇదేమన్నా హోటలా" అని పెద్ద రాద్ధాంతం. చివరికి బయటికి ఎప్పుడూ వేసుకోని కొత్త జత ఒకటి ఇంటికే కేటాయించి, దేవుడి గది గడప దగ్గర విడిచేటట్టు రాజీ కుదిరింది. మడమ నొప్పికి మందు రాసిచ్చే డాక్టర్లకి ఈ గడప పంచాయితీలు తెలుసో లేదో.

అసలు చెప్పులే వద్దనేవాళ్లూ ఉన్నారు, వాళ్ల దగ్గరా సరుకుంది. మంగళూరుకు చెందిన ఇద్దరు డాక్టర్లు 2,300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించి 1992లో ఫలితాలు ప్రచురించారు. చెప్పులో బూట్లో వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలు, వేసుకోని పిల్లల్లో 2.8 శాతం మందికే. పాదాన్ని చిన్నప్పుడు దాని మానాన దాన్ని వదిలేస్తే కండరాలు గట్టిపడి వంపు బాగా ఏర్పడుతుందని దాని సారాంశం. నేను కాదనను. మా తాత చెప్పు ఎరక్కుండా ఎనభై ఏళ్లు పొలం గట్ల మీద తిరిగాడు. కానీ ఆయన తిరిగింది మట్టిలో, కదులుతూ. కదలకుండా గట్టి టైల్స్ మీద నిలబడే ఉద్యోగం ఆయన చేయలేదు. చిన్నప్పటి నుంచి బూట్లకి అలవాటు పడ్డ యాభై ఏళ్ల పాదాన్ని ఇప్పుడు ఒట్టికాళ్లతో టైల్స్ మీద నిలబెట్టి "బలపడు" అంటే అది వినదు.

ఇక ఖరీదైనవి కొంటే సరిపోతుందనే వాదన, ఇది అన్నిటికంటే నాసిరకం వాదన. నాలుగు వేల రూపాయల కోసుగా ఉండే హీల్స్‌లో వేళ్లు ఒకదాని మీదొకటి ఎక్కి, చిటికెన వేలు మీద ఆనెకాయ కాసిన స్నేహితురాలు నాకుంది. పేరున్న కంపెనీల ఫ్యాషన్ స్నీకర్లలో కొన్నింటి సోల్ పలకలా చదునుగా ఉంటుంది. ధర చూసి లోపలి సరుకు చెప్పలేం. మరీ అడుగు ధరల్లో మాత్రం లోపల ఏమీ ఉండదని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వచ్చిన కొత్త జీఎస్టీ లెక్కలో 2,500 రూపాయల దాకా ఉన్న జతకి 5 శాతం పన్నే. అంటే ప్రభుత్వం దృష్టిలో కూడా మామూలు మనిషి చెప్పులంటే అక్కడిదాకా రావచ్చు. పిన్ని బడ్జెట్ అందులో ఎనిమిదో వంతు.

సైజు లెక్క ఎవరిది

సైజు గోల ఇంకొకటుంది. మన షాపుల్లో దొరికే సైజులు బ్రిటిష్ వాళ్ల లెక్కలు. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్షకు పైగా మంది పాదాలు కొలిచింది. తేలిందేమిటంటే మన పాదాలు యూరప్, అమెరికా వాళ్లకంటే వెడల్పు. "భా" అని మనకంటూ ఒక సైజుల పద్ధతి ప్రతిపాదించారు. షాపులో ఈ సంగతి ఎవరికీ తెలియదు గానీ దాని ఫలితం అందరికీ తెలుసు. ముందు భాగం పట్టేస్తుంటే సేల్స్ కుర్రాడు ఏమంటాడు? "ఒక సైజు పెద్దది వేసుకోండి మేడం." పెద్దది వేసుకుంటే వెడల్పు సరిపోతుంది, పొడవు మిగిలిపోతుంది. మడమ లోపల జారుతుంది, ఊడిపోకుండా వేళ్లతో చెప్పుని పట్టుకుని నడవాల్సొస్తుంది, బూటు వంగే చోటు పాదం వంగే చోటుకి ముందుకెళ్లిపోతుంది. చెప్పు కరిచిన పొక్కులు నాలుగు రోజుల్లో మానిపోతాయి, వేళ్లు బిగించి నడిచే అలవాటు మానదు. బెల్లీలకి తాడు ఉండదు, బకిల్ ఉండదు కాబట్టి ఈ బాధ వాటితో మరీ ఎక్కువ.

చవకలో మంచివి చేయలేరా?

చేయగలరు, చేశారు కూడా. ఆస్పత్రుల దగ్గర షాపుల్లో షుగర్ ఉన్నవాళ్లకి అమ్మే ఎంసీఆర్ చెప్పులు చూసే ఉంటారు. వాటి కథ కుష్ఠు రోగుల దగ్గర మొదలైంది. స్పర్శ లేని పాదాలకి పుండ్లు పడేది రోగం తినేయడం వల్ల కాదని, నొప్పి తెలియక ఒకే చోట మళ్లీ మళ్లీ ఒత్తిడి పడనివ్వడం వల్లేనని వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పాల్ బ్రాండ్ లాంటి డాక్టర్లు గట్టిగా చెప్పారు. దాన్నిబట్టి వచ్చిన చెప్పుల తయారీ ఎంత సులువో చూడండి. పాదం ఆనే వైపు మెత్తటి మైక్రో సెల్యులార్ రబ్బరు, కింద మేకు దిగని గట్టి రబ్బరు, ఊడిపోకుండా మడమ వెనక పట్టీ. చూడ్డానికి ఏమంత బాగుండవు. కొన్ని వందల రూపాయల్లో వచ్చేస్తాయి. మెత్తదనం కావాల్సిన చోట మెత్తదనం, గట్టిదనం కావాల్సిన చోట గట్టిదనం, పాదాన్ని పట్టి ఉంచే ఏర్పాటు, మూడూ ఉన్నాయి. అంటే చవక అడ్డం కాదు. షోకులకి పెట్టే డబ్బు లోపల పెడితే చాలు.

చట్టం ఏమైనా చేస్తుందా అంటే, చెప్పులకి బీఐఎస్ (కేంద్రం నాణ్యతా ప్రమాణాల సంస్థ) ప్రమాణాలు తప్పనిసరి చేసే ఉత్తర్వులు అనేక వాయిదాల తర్వాత 2024 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చాయి, చిన్న తయారీదారులకి మినహాయింపులతో. ఆ పరీక్షలు ఎక్కువగా సోల్ ఎంత త్వరగా అరుగుతుంది, వంచితే పగులుతుందా, అంటింపు ఊడుతుందా అనేవాటి గురించి. అవీ అవసరమే. రోజంతా నిలబడే మనిషి పాదానికి ఆసరా ఉందా అన్నది వేరే ప్రశ్న. యూరప్‌లో కనీసం పైభాగం, లోపలి పొర, సోల్ దేంతో చేశారో జత మీద గుర్తులు వేయాలని 1994లోనే నిబంధన పెట్టారు. మన డబ్బా మీద ఎమ్మార్పీ, సైజు, తయారైన నెల ఉంటాయి. ఆ నెల కూడా పనికొచ్చేదే, ఎవరూ చూడరు గానీ. పీయూ (పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్ నురుగు) సోల్ ఉన్న బూట్లు వాడకుండా డబ్బాలో ఏళ్ల తరబడి ఉంచినా గాలిలోని తేమకి లోలోపల చెడిపోయి, ఒకరోజు వేసుకోగానే పొడిపొడిగా రాలిపోతాయి. సగం ధరకి క్లియరెన్స్ అని గుట్టగా పోసి అమ్మేచోట ఈ నెల చూడకుండా కొనకండి.

పిన్నికి నేను చెప్పిన సలహా, వెయ్యి రూపాయలు పెట్టి మడమ దగ్గర గట్టిగా ఉన్న నల్ల షూ కొనుక్కోమని. "చీరల కౌంటర్లో నాకు ఆ బండ బూట్లు వెయ్యనిస్తారా నాన్నా" అంది. మేనేజర్ నిజంగానే మొదట ఒప్పుకోలేదు, యూనిఫాం అంటే బెల్లీలే అన్నాడట. డాక్టర్ చీటీ చూపిస్తే సరేనన్నాడు, ఆవిడ ఒక్కదానికే. కూర్చోవడానికి స్టూలు అడిగితే మాత్రం కస్టమర్ల ముందు బాగోదన్నాడు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల చట్టం సవరించి, పనిచేసేవాళ్లకి కుర్చీలు వేయాల్సిందేనన్నాయి. ఆ రాష్ట్రాల్లో చీరలు అమ్ముడుపోవడం ఏమీ ఆగలేదు. ఈ సంగతి చెబితే పిన్ని నవ్వి, ఆ కాయితం ఏదైనా ఉంటే ప్రింటు తీసివ్వమంది, తోటివాళ్లలో ఇంకో నలుగురికి మడమ నొప్పులున్నాయట. తీసిస్తున్నాను.